ముప్పై దాటితే కుదరదు

కిడ్నీ ఇచ్చేవాళ్ళను పరీక్షించే గది. బరువు యంత్రం దిగుతున్న దర్జీ అక్క, కుర్చీలో ఆమె తమ్ముడు, బల్ల దగ్గర నర్సు.

"ముప్పై రెండా? మళ్ళీ చూడండి సిస్టర్. నాలుగు కిలోలు తగ్గాన్నేను."

"తగ్గారమ్మా, కాదనలేదు. డెబ్బై ఉన్నారు. కానీ బీఎంఐ ముప్పై దాటితే ఇక్కడ కిడ్నీ తీసుకోరు."

"రెండు నెలలుగా కడుపు మాడ్చుకుంటున్నాను. మొన్న కుట్టుమిషను ముందే కళ్ళు తిరిగి పడ్డాను. ఇంకేం చెయ్యమంటారు, కాలో చెయ్యో కోసుకుని రమ్మంటారా?"

"అక్కా, ఆవిడ మీద అరుస్తావేంటి? కుదరదంటే కుదరదు. పద, పోదాం."

"నువ్వు నోరు మూసుకో. ఎప్పుడు చూడు పద పోదాం, పద పోదాం. వారానికి మూడుసార్లు డయాలిసిస్ అని పడుకుంటున్నావు. ఎన్నాళ్ళురా అలా?"

"ఎన్నాళ్ళైతే అన్నాళ్ళు. నీకేమన్నా అయితే నీ కూతురికి ఎవరున్నారు? నువ్వు తప్ప..."

"దాని సంగతి నాకొదిలెయ్. సిస్టర్, అసలీ లెక్కేంటి?"

"బరువుని ఎత్తుతో భాగిస్తాం, వచ్చినదాన్ని మళ్ళీ ఎత్తుతో భాగిస్తాం. ఎత్తు మీటర్లలో. బరువు ఒకటే అయినా పొట్టివాళ్ళకి అంకె ఎక్కువొస్తుంది."

"నేను పొట్టిదాన్నా?"

"నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లే కదమ్మా."

"ఎంత?"

"అక్కా, పద."

"ఉండరా. రోజూ పదిమందికి కొలతలు తీసేదాన్ని, నా ఎత్తు నాకు తెలీదా? నూట యాభై ఎనిమిది."

"మీ కాగితంలో ఉన్నదే ఎక్కించాం. కొలవాల్సింది, మాదీ తప్పే. గోడకి ఆనుకోండి. మడమలు ఎత్తకండి... నూట యాభై ఎనిమిదే. అంటే బీఎంఐ ఇరవై ఎనిమిది."

"మరి మొదటిసారి వచ్చినప్పుడు? డెబ్బై నాలుగు ఉన్నానుగా."

"అప్పుడూ... ముప్పైలోపే అమ్మా."

"అంటే ఇన్నాళ్ళూ నా కడుపు ఊరికే మాడ్చారు. రెండు నెలలు వీడి ప్రాణంతో ఆడుకున్నారు. ఎవరు రాశారా కాగితం?"

"మీవాళ్ళే నింపి ఇచ్చారమ్మా."

"మావాళ్ళెవరు? నాకున్నది వీడొక్కడే. ఒరేయ్, నువ్వే కదూ నింపింది? అంత చదువు చదివి ఒక్క అంకె సరిగ్గా రాయలేకపోయావా? పొరపాటుగా రాసి నీ ప్రాణం మీదికే తెచ్చుకున్నావు కదరా."

"పొరపాటు కాదక్కా. ఎంత తగ్గించి రాస్తే ముప్పై దాటుతుందో లెక్కేసి మరీ రాశాను."