ఎనిమిదో ట్రాక్‌లో కీచు

తనకు చదువు లేదని బయటపడుతుందేమోనన్నదే, చంటిబిడ్డను వెంటబెట్టుకుని టేపుల పనికి వచ్చే ఉమ్ యూనిస్‌కు, అంటే యూనిస్ తల్లికి, అన్నిటికన్నా పెద్ద భయం. కైరోలోని స్టూడియోలో సౌండ్ కలిపే ఉస్తాద్ టేపు రికార్డర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"సీరియల్లో పెదవి ముందు కదులుతోంది, మాట తర్వాత వస్తోంది. ఎనిమిదో ట్రాక్‌లో టైమ్‌కోడ్ లేకుండా రెంటినీ ఎలా కలపను, ఉమ్ యూనిస్?"

"టైమ్‌కోడంటే... ఆ కీచుమనేదా, ఉస్తాద్?"

"అదే. బొమ్మనీ మాటనీ కలిపి ఉంచే తాళం అదే. చెరిపేశాడనేగా పొద్దున ఆ అసిస్టెంట్ వగ్దీగాణ్ణి పనిలోంచి తరిమేశాను."

"ఆయన కాదు. ఉత్త రొద అనుకుని నేనే తుడిచేశాను."

"నేను వాణ్ణి తిడుతుంటే పక్కనే ఉన్నావుగా?"

"నాకు చదువు లేదని తెలిసిపోతుందని, పిల్లాడికి పాలు కలుపుతున్నట్టు తల వంచుకున్నాను."

"ఇప్పుడు వాడు ఫోన్ ఎత్తడం లేదు, తల్లీ."

వెళ్లి పిలుద్దామంటే ఆమెకు మొహం చెల్లడం లేదు. నైలు అవతల ఇంబాబా పేట వైపు వెళ్లేవాళ్లెవరైనా వగ్దీ ఇంటి తలుపు తట్టి, ఎలా ఉన్నాడో ఒకసారి చూసి రండి.