మంట అంకె మార్చిన గురువారాలు

నా పేరు, ఇంటి నంబరు పై కాగితంలో ముందే రాసుకున్నారు. వయసు అరవై ఎనిమిది. వృత్తి కాజాలు కుట్టడం. టైలర్లు చొక్కాలు పంపితే బొత్తాలకు కాజాలు చేత్తో కుట్టి ఇచ్చేదాన్ని. ఇప్పుడు మానేశాను. అయినా వీధిలో అందరికీ కాజాలమ్మనే. భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. చెల్లెలు ఉంది, దూరాన. నన్ను ఎవరూ పిలిపించలేదు. ఈ ఉదయం పది గంటలకు నా అంతట నేనే పోలీసు స్టేషనుకు వచ్చాను. గుండె ఆసుపత్రిలో రక్తం తీసే అమ్మాయి ట్యూబులు తారుమారు చేసిందని కేసు పెట్టారు. ఆ పిల్ల చేయలేదు. ఆ పిల్ల ఉద్యోగం పోకూడదు. అది చెప్పడానికే వచ్చాను.

రెండేళ్ళ కిందట నా గుండె అలసిపోయిందని చెప్పారు. ఉన్నట్టుండి ఆగిపోయే జబ్బు కాదు, రక్తాన్ని తోసే బలం తగ్గిపోయిన జబ్బు. మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రానికి పాదాలు పొంగుతాయి. అందుకే మగవాళ్ళ చెప్పులు వేసుకుంటున్నాను, తమరు ఇందాక వాటినే చూశారు. ఇలాంటి గుండె ఉన్నవాళ్ళ ఒంట్లో లోలోపల సన్నగా మంట రాజుకుంటూ ఉంటుందట. నివురుగప్పిన నిప్పులాగా పైకి ఏమీ తెలియదు, జ్వరం కూడా ఉండదు. రక్తం పరీక్ష చేస్తే మాత్రం ఒక అంకె వస్తుంది. ఆ మంట తగ్గిస్తే గుండె కుదుటపడుతుందా లేదా అని పెద్ద డాక్టరు గారు పరిశోధన చేస్తున్నారు. ఆ అంకెకు ఇంగ్లీషులో ఏదో పేరుంది. మేము మంట అంకె అనేవాళ్ళం.

ప్రతి గురువారం ఆసుపత్రి వ్యాను వచ్చి తీసుకెళ్ళేది. రెండో అంతస్తులో చివరి గది. రెండు వాలు కుర్చీలు, గోడకు ఒక గడియారం, ఒక వాష్ బేసిన్. కిటికీ వైపు కుర్చీ నాది. రక్తం తీసే ముందు అరగంట కదలకుండా కూర్చోవాలి, మాట్లాడకూడదు. అమ్మాయి మా నంబర్ల చీటీలు ముందే ట్యూబులకు అంటించి, ఎవరి ట్రే వాళ్ళ కుర్చీ చేతి మీద పెట్టి, పక్క గదిలో పనికి వెళ్ళేది. మొదట్లో సూది గుచ్చే ముందు "నంబరు చెప్పండి" అని అడిగి చీటీ చూసేది. తరవాత తరవాత "మోకాలు ఎలా ఉందమ్మా, రాత్రి నిద్ర పట్టిందా" అని అడగడం మొదలుపెట్టింది. మమ్మల్ని బాగా ఎరిగింది కాబట్టే చీటీ చూడటం మానేసింది. ఇది ఆ పిల్ల తప్పు అని రాస్తే నేను ఒప్పుకోను. ముక్కూ మొహం తెలియని వాళ్ళయితే ప్రతిసారీ నంబరు అడిగేది.

రెండో కుర్చీలో ఒక పెద్దాయన కూర్చునేవారు. గడియారాలు బాగుచేసేవారు. దుకాణం అద్దెకిచ్చి దాని వెనక ఒంటిగదిలో ఉంటారు. నేను గడియారం గారూ అనేదాన్ని, ఆయన కాజాల గారూ అనేవారు. మాట్లాడకూడదన్న ఆ అరగంటా మేము మాట్లాడుకునేవాళ్ళం, పెదవులు ఎక్కువ కదపకుండా. ఆ గది గడియారం నెమ్మదిగా నడుస్తుంది. చూస్తే ఆయన చెయ్యి దురద పెట్టేదట. ఒకసారి నేనే అన్నాను, "లేచి బాగుచేయకూడదూ, చూసి చూసి మీకే బీపీ వచ్చేలా ఉంది" అని. "గంటకి నాలుగు నిమిషాలు వెనకబడుతోందండీ. అంటే అరగంటకి మనకి రెండు నిమిషాలు లాభం. ఉండనివ్వండి" అన్నారు.

వీటికీ కేసుకూ సంబంధమేమిటని తమరు అడిగారు. సంబంధం ఉంది. నేనుండే భవనంలో లిఫ్టు "తలుపులు మూసుకుంటున్నాయి" అంటుంది. గురువారం కాని రోజున నాతో మాట్లాడేది అదొక్కటే. చాలాసార్లు సరేనమ్మా అని జవాబు కూడా చెప్పాను. ఇది నవ్వడానికి చెప్పడం లేదు. రాసుకోండి.

పరిశోధనలో ఒక నియమం ఉంది. వరసగా మూడు గురువారాలు మంట అంకె తక్కువ వస్తే ఇక రానక్కర్లేదు. నా అంకె ఎప్పుడూ ఎక్కువే. గడియారం గారిది రెండు వారాలు తక్కువ వచ్చింది. పెద్ద డాక్టరు గారు లోపలికి వచ్చి ఆయన భుజం తట్టి, "శుభవార్త పెద్దాయనా, ఇంకొక్క గురువారం ఇలాగే వస్తే మీరు మాకు అక్కర్లేదు" అన్నారు. రోగి కోరేదీ పాలే వైద్యుడు ఇచ్చేదీ పాలే అంటారు, ఇక్కడ అది తిరగబడింది. గడియారం గారు నవ్వారు. నవ్వి, చొక్కా చేతికి బొత్తం పెట్టుకోబోయారు, పట్టలేదు. నేను పెట్టాను. కాజా సరిగ్గానే ఉంది.

ఆ తరవాతి గురువారం ఆయన వచ్చి కూర్చున్నారు, గడియారం వైపు కూడా చూడలేదు. అమ్మాయి ట్రేలు పెట్టి వెళ్ళింది. "అంకె తగ్గిందని ఏడ్చేవాళ్ళని మిమ్మల్నే చూశాను" అన్నాను.

"ఏడవడం లేదండీ. నాది చల్లారిపోయింది, మీది మండిపోతోంది. పంచుకోగలిగితే ఇద్దరికీ సరిపోయేది" అన్నారు.

ఆయన హాస్యానికే అన్నారు. నేను ట్రేల వైపు చూశాను. ఆయన కూడా చూశారు. నా ట్యూబు తీసి ఆయన వైపు పెట్టాను, ఆయనది తీసి ఆయనే నా వైపు పెట్టారు. అమ్మాయి వచ్చి మా ఇద్దరి మోకాళ్ళ సంగతి అడిగి రక్తం తీసుకుని వెళ్ళింది. నా రక్తం ఆయన నంబరు మీద పోయింది, ఆయన రక్తం నా నంబరు మీద. అయితే ప్రతి వారమూ మారిస్తే నా నంబరు మీద తక్కువ వచ్చి మూడు వారాల్లో నన్ను పంపించేస్తారు. అందుకని ఒక గురువారం మార్చేవాళ్ళం, ఒక గురువారం మార్చేవాళ్ళం కాదు. చలికాలం అంతా అలా గడిచింది. తప్పని తెలుసు. తెలిసే చేశాం. ఆ చలికాలం నాకు బాగుంది.

పరిశోధనకు ఏమవుతుందని ఆలోచించలేదా అన్నారు. లేదు. తాను ఒకటి తలిస్తే దైవం ఒకటి తలుస్తుందన్నట్టు, గడియారం గారి అంకె ఎగుడుదిగుళ్ళు చూసి డాక్టరు గారు మంట తగ్గించే మాత్ర మొదలుపెట్టారు. నాది తగ్గుముఖం పట్టిందనుకుని నాకు ఇవ్వలేదు. ఆ మాత్ర నా రక్తానికి. మింగాల్సి వచ్చింది ఆయనకి. నేను పారేయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఇచ్చిన మందు మింగుతానని సంతకం పెట్టానండీ. మింగకపోతే మోసం కాదూ" అన్నారు.

"ట్యూబులు మార్చడం మోసం కాదేమిటి?"

"దానికి నేనెక్కడా సంతకం పెట్టలేదు."

ఇలాంటి మనిషి. ఆ మాత్రతో విరేచనాలు పట్టుకున్నాయి. ఒంట్లో నీరు పోవడానికి గుండె మందు ఎలాగూ ఉంది. రెండూ కలిసి ఆయన్ని ఎండగట్టేశాయి. పోయిన నెల చివర్లో ఆయన పెదవులు పగిలి ఉన్నాయి, వ్యాను దిగేటప్పుడు తలుపు పట్టుకుని నిలబడిపోయారు. ఇవాళ మార్చవద్దు, డాక్టరు గారికి చెప్పేద్దాం అన్నాను. "ఈ ఒక్క వారం" అన్నారు. నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినా ట్యూబు మార్చాను. ఆయన చేయి వణుకుతోందని రెండూ నేనే మార్చాను. ఇది స్పష్టంగా రాయండి.

పోయిన గురువారం నేను గదిలోకి వెళ్ళేసరికి ఆయన కుర్చీ ఖాళీ. ట్రే పెట్టలేదు. అమ్మాయి బేసిను దగ్గర నిలబడి ఏడుస్తోంది. ఆయన మంగళవారం గదిలో పడిపోయారని, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, వార్డులో రక్తం చూస్తే మంట అంకె అసలు ఎక్కువే లేదని చెప్పింది. "నేనే ఎక్కడో ట్యూబులు కలిపేశానంటున్నారమ్మా, కేసు కూడా పెడతారట. నేనలా చేస్తానా?" అని నన్ను అడిగింది. కిందికి దిగి వార్డుకు వెళ్ళాను. తలుపు దగ్గర మనిషి "మీరాయనకి ఏమవుతారు" అన్నాడు. అక్కా చెల్లీ ఏదో ఒకటి చెప్పేస్తే పంపేవాడే. నాకు అబద్ధం రాలేదు, అబద్ధం కానిది కూడా ఏదీ తోచలేదు. వెనక్కి వచ్చేశాను.

తరవాత మూడు రోజులు ఇంట్లోనే ఉన్నాను. చెబితే నన్ను పరిశోధన నుంచి తీసేస్తారు, ఆ గది ఉండదు, గురువారం ఉండదు. చెప్పకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను. ఆ పిల్లకు నా మోకాలు ఏదో కూడా తెలుసు, ఎడమది. ఇవాళ బయల్దేరాను.

నేను ఇంతవరకూ చెప్పాక తమరు రాత ఆపించి నాతో ఒక మాట అన్నారు. అది కూడా రాయమని కోరుతున్నాను. గడియారం గారికి తెలివి వచ్చిందని, నిన్న వార్డులో ఆయన వాంగ్మూలం ఇచ్చారని చెప్పారు. ట్యూబులు ఆయన ఒక్కరే మార్చారట. పక్క కుర్చీ ఆవిడ ఆ అరగంటా నిద్రపోయేదట, ఆవిడకు ఏమీ తెలియదట. ఆ కాగితంతో అమ్మాయి మీద కేసు పోతుందని, నేను వచ్చిన పని అయిపోయిందని, ఇక ఇంటికి వెళ్ళవచ్చని, గురువారం వ్యాను ఎప్పటిలాగే వస్తుందని అన్నారు. "ఆయన మీ గురించే అలా చెప్పారమ్మా, ఎందుకు చెడగొట్టుకుంటారు" అన్నారు. తమరు మంచికే అన్నారు.

ఆయన చెప్పింది అబద్ధం. నేను ఆ గదిలో ఒక్కసారి కూడా కన్ను మూయలేదు. నిద్రపోవడానికి వారమంతా ఉంది నాకు. ఆయన ఇన్నాళ్ళూ ఆ గదిలో ఒక్కరే ఉన్నారని నేను ఒప్పుకోను. నేనూ ఉన్నాను.

పైన రాసినది నేను చెప్పినదే, ఎవరి బలవంతమూ లేదు. రాసినతను చదివి వినిపించాడు. ఒకచోట "సదరు వ్యక్తికి నేను సహకరించాను" అని ఉంటే నేను ఒప్పుకోలేదు. ఆ మాట కొట్టేయించి, దాని మీద "ఇద్దరం కలిసి చేశాం" అని రాయించి, ఆ దిద్దుబాటు పక్కన ఒకసారి, ఇక్కడ ఒకసారి సంతకం చేశాను.

(సంతకం)