ఏసుపాదం డైనమో మహిమ

సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు మీద, బక్కమ్మ చాయ్ బండి దగ్గర ఏసుపాదం నోరు తెరిచాడంటే చేతిలో చాయ్ చల్లారాల్సిందే. రిటైరైన లైన్‌మన్ ఆయన. కరెంటు స్తంభాలు ఎక్కడం మానాడు గానీ కోతలు కోయడం మానలేదు. ఆయన పాత బుల్లెట్టు ఆ పక్కనే, బక్కమ్మ గిరాకీకి అడ్డంగా నిలబడి ఉంది.

పెన్‌పహాడ్ ధర్మేందర్‌కు ఆ రోజు ఆ నోటితోనే పని పడింది. తండ్రి వదిలిపోయిన బుల్లెట్టు మీద పెళ్లాం సంగీతను అరకు తీసుకుపోవాలని అతని కోరిక. ఆ బండేమో కోదాడ దాటకముందే బ్యాటరీ ఖాళీ చేసుకుని కూలబడుతుంది. పోయిన నెల వానలో లైటు గుడ్డిదైపోతే బండిని ఆ రాత్రికి అక్కడే ఎవరి గుమ్మంలోనో పెట్టి ఇద్దరూ బస్సెక్కి ఇల్లు చేరారు. ఆ బస్సులోనే సంగీత తేల్చేసింది, ఇక అమ్ముడే అని. కోదాడలో బేరం కూడా కుదిరింది, ఆదివారం వచ్చి తోలుకుపోతారు. ఈలోగా ఏసుపాదం చార్జింగ్ కిటుకేదో చెబితే నాన్న బండి దక్కుతుందని ధర్మేందర్ ఆశ. అందుకే పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు, అదీ బస్సులోనే.

"మామా, డైనమో మంచిగనే ఉన్నదంటున్నరు. అయినా లైటేస్తే మీటరు ముల్లు మైనస్‌కు పడిపోతది. నీ బండి మస్తు దూరం పోతదట గద, ఏం చేస్తవ్?"

ఏసుపాదం గ్లాసు కింద పెట్టి చుట్టూ చూశాడు. ధర్మేందర్, ఆటో మంగయ్య, బల్ల మీద సంగీత.

"మొగోళ్లు ఇద్దరే ఉన్నరు, ఇంకొకలు రావాలె" అంది బక్కమ్మ పాలు కలుపుతూ.

"ఎందుకక్కా?" అన్నాడు ధర్మేందర్.

"నువ్వు ఇను బిడ్డా."

"కిటుకు చానా చిన్నది పిల్లగా" అని మొదలుపెట్టాడు ఏసుపాదం. "ఎర్తు వైరు. అది బిగించిన కాడ తుప్పు వడితే కరెంటు యాడికని పోతది? గరుకు కాగితం తోటి మెరిసేదాంక రుద్దిన, వైరు గట్టిగ బిగించిన, కోదాడ దాంక వానలనే పోయిన. ముల్లు మైనస్ దిక్కు సూడనే లేదు."

మాట సబబుగానే ఉంది. ధర్మేందర్ మొహం విప్పారింది, సంగీత కూడా తలూపింది. అక్కడ ఆపి ఉంటే ఏసుపాదం పెద్దమనిషే అయ్యేవాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముల్లు ప్లస్‌కు ఎక్కుడు మొదలువెట్టి ఇగ ఎక్కుతనే ఉంది. హుజూర్‌నగర్ కాడ పెండ్లి బస్సు బ్యాటరీ పడిపోయి ఆగింది, అవతల ముహూర్తం దాటవట్టె. నా బండికెల్లి రెండు వైర్లు కలిపిన. ఉరికింది సూడు, డ్రైవరు ఎక్కకముందే పోయి పెండ్లి పందిరి కాడ ఆగింది."

"డ్రైవరు లేకుండనా?" అన్నాడు మంగయ్య.

"కరెంటుకు తొవ్వ ఎరుకేరా. ఉద్యోగమంత దానితోటి కాపురం చేసినోన్ని, నాకు చెప్తవా? ఆడికెల్లి మిర్యాలగూడ పోయిన. ఓ రైస్ మిల్లుల కరెంటు లేక సేటు నెత్తిన చేతులువెట్టుకొని కూసున్నడు. బండి స్టాండేసి మిల్లు మోటరుకు కలిపిన. మూడో గేరేస్తే బియ్యం, నాలుగో గేరేస్తే ఒక్క నూక లేని బియ్యం."

"ఐదో గేరుకు అన్నం వచ్చిందా?" అంది సంగీత.

"నా బండికి నాలుగే గేర్లమ్మా. అబద్ధం ఎందుకు చెప్పాలె?"

ధర్మేందర్ అడిగింది చార్జింగ్, వస్తున్నది బియ్యం. సంగీత అప్పుడే ఫోన్ తీసి కోదాడ బేరగాడి నంబరు వెతుకుతోంది. బక్కమ్మ మాత్రం రోడ్డు అటూ ఇటూ చూసి "ఇంక రాలే, సాగదియ్యి" అంది.

"హాలియా చేరేసరికి చీకటి వడ్డది. గింత కరెంటు యాడ వెట్టాలె? లైటేసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరి కోళ్లన్ని కూసినయ్. ఆడోళ్లు తెల్లారిందని సద్ది కట్టుకొని పొలాలకు ఉరికిన్రు, హాలియా చుట్టు నాట్లన్ని ఖతం. నేను లైటు డిమ్ము కొట్టంగనే పొద్దుగూకిందని ఇండ్లకు మళ్లిన్రు. అసలు సూర్యుడు పొద్దుగాల వచ్చి సూసిండు. తనకు పనేం మిగల్లే. సిగ్గయి మబ్బుసాటుకు పోయిండు, ఆ యేడు హాలియాకు ఎండకాలమే రాలే."

అంతలో సోమ్లా పాల క్యాన్లతో వచ్చి దిగాడు.

"ముగ్గురైన్రు" అంది బక్కమ్మ. "ఇగ సూర్యున్ని ఇడిసిపెట్టి బండి తియ్యి."

ఏసుపాదం మాట మధ్యలోనే లేచి, తువ్వాల దులుపుకుని, బుల్లెట్టెక్కి గేరు వేశాడు. మంగయ్యా సోమ్లా ఎవరూ చెప్పకుండానే వెనక్కి చేరారు. "రా తమ్మి, ఎడమ దిక్కు పట్టు" అని పిలిచాడు మంగయ్య.

"ఎందుకన్నా?"

జవాబు బక్కమ్మ చెప్పింది. "బ్యాటరీ ఎప్పుడో సచ్చింది బిడ్డా. కిక్కుకు లేవదు, ముగ్గురు నూకితేనే లేస్తది. ముగ్గురు జమయ్యేదాంక కథ చెప్తడు. మనుషులు తొందరగ వస్తే కథ కోదాడ కాన్నే ఆపుతడు. ఇయ్యాల సోమ్లా ఆలస్యం చేసిండని సూర్యుని దాంక పోవలసొచ్చింది."

నూకారు. బండి రెండుసార్లు దగ్గి, పొగ కక్కి అంటుకుంది. "ముల్లు సూడు పిల్లగా, ప్లస్సే" అంటూ ఏసుపాదం వెనక్కి చూడకుండా పోయాడు.

ధర్మేందర్ మసి చేతులతో రోడ్డు మీద మిగిలాడు. ఉన్న ఒక్క ఆశా ఆ పొగతోనే పోయింది. నాన్న బండి తలుచుకుంటే ఏడుపొచ్చినంత పనైంది. "అయితే అమ్ముడేనా?" అన్నాడు.

సంగీత నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటోంది. ఫోన్ సంచిలో వేసింది.

"కోదాడాయనను రావద్దని చెప్త. ముందుగాల ఆ గరుకు కాగితం కొను, ఎర్తు వైరు రుద్దుదాం. అయినా అరకు తొవ్వల ఆగితే నూకెటోళ్లు జమయ్యేదాంక నువ్వు కథ చెప్పాలె గద, ఇయ్యాల్టి సంది అన్నం కాడ రోజుకొక కోత నాకు చెప్పు. మొదలు చిన్నది చాలు, కోదాడ దాంక."