మిద్దె మీద ఆగిపోయిన కేక

అవ్వా, ప్రొద్దుటూర్లో నాటకం కాడ అంతమందిలో లేసి కేకేసినావంట గదా. మొదట్నుంచి చెప్పు, ఫోన్లో రికార్డు చేస్తా.

రెండు రూపాయలు. ఆడ్నుంచి మొదలుపెట్టల్ల అబ్బీ. నాకప్పుడు పదహైదేండ్లు. శెనక్కాయలు ఒలిచి సంపాదించిన రెండు రూపాయలు. నేల టికెట్టు అర్ధరూపాయి, కుర్చీకి రెండు. నాకు లెక్కలు నోటికే గదా, కుర్చీలోనే కుచ్చోవల్లని ముందే అనుకున్యా. దుడ్లు లేక ఆగిపోలా నేను, అది తెలుసుకో.

ఎవురి నాటకమంటే, సుబ్బరాయుడప్పది. రాజు ఏషం. రాజ్యం పోగొట్టుకుని పెండ్లాన్ని, బిడ్డను ఎంటబెట్టుకుని ఊరిడిసిపెట్టే రాజు. ఆడ ఒక పద్యముండాది సూడు, మా ఈదిలో సైకిలు మింద పోయే ప్రతి మగోడూ అదే పాడుకుంటా పోతాండె. మాటలు ఒక్కనికీ రావు, ఉత్త రాగమే తీస్తాండ్రి. వీండ్లే ఇంత బాగ పాడితే ఆ పాడినాయప్ప ఎట్ల పాడతాడో అని నాకు ఒకటే పిచ్చి.

నేనప్పుడు ప్రొద్దుటూర్లో మేనత్త ఇంట్లో ఉండి టైపు నేర్చుకుంటాన్యా... కాదు కాదు, టైపు పెండ్లయినంక. అప్పుడు కుట్టుపని. మా నాయన జమ్మలమడుగు చర్చిలో పెద్ద, నీకు తెలుసు గదా. నాటకమంటే ఆయనకు పడేది కాదు. అత్త నా చేతిలో దుడ్లు సూసి, మీ నాయనకు తెలిస్తే ఆదివారం ఆరాధనలో ఇద్దర్నీ అందరి ముందర నిలబెడతాడే అనింది. నేను కూడు తినకుండా మొండికేస్తే మళ్లా ఆయమ్మే, మిద్దెక్కి కుచ్చో పో, గాలికి కుచ్చుంటే ఎవురొద్దంటారు అనింది.

మట్టి మిద్దె అది. నాటకం రెండు ఈదుల అవతల. రాగం తీస్తే మటుకు నా పక్కన కుచ్చోని తీసినట్ల వస్తాండె. మాటలు రాలా. గాలి మాటలన్నీ యాడికో ఎత్తకపోయి రాగాన్ని ఒకటే నాకిచ్చింది.

పద్యం అయిపోతానే జనమంతా వన్స్ మోర్ అని అరిసిరి. నువ్వు నాటకం సూసినోనివి కాదు కాబట్టి చెప్తాండా. పద్యం బాగుంటే ఆ మాట అనల్ల, అన్న్యాక ఆయప్ప మళ్లా పాడల్ల. ఆ మాట రాలేదా, ఆ పొద్దు ఆ ఏషగానికి కూడు దిగదు. నేనూ నోరు తెరిస్తి. వన్స్ అనే లోపల అత్త చెయ్యొచ్చి మూసింది. చేతికంతా తరిగిన ఎర్రగడ్డల వాసన. ఆడపిల్లవు, ఈదంతా ఇంటాదే అనింది.

ఆ మాట అట్లే ఉండిపాయ. రాగమూ ఉండిపాయ. మీ తాత పోయినప్పుడు నేను నోరు తెరిసి ఏడ్సలా, అందరూ రాయి అనుకున్యారు. లోపల అదే రాగం తీసుకుంటాన్యా. రాజ్యం పోయినోని ఏడుపు గదా, నాకూ సరిపోతాదిలే అని.

పోయిన నెల మైకు ఆటో వచ్చింది సూడు, సుబ్బరాయుడప్ప నాటకం, ప్రొద్దుటూర్లో అని. పోతానని మీ నాయనతో చెప్తే నవ్వినాడు. ఆయప్పకు నోట్లో పండ్లుండాయో లేవో, నీకా మోకాండ్లు లేవు, ఫోన్లో సూడు మా అనె. ఫోన్లో కేకేస్తే ఆయప్పకు ఇనపడతాదా రా అంటి. బస్సెక్కిపోయినా. ముందర వరసలో కుచ్చున్యా.

ఆయప్పను ఇద్దరు పట్టుకోనొచ్చిరి. కిరీటం బరువుకు మెడ వంగింది. పద్యం ఎత్తుకున్యాడు. మొదట బాగనే ఉండె. రాగం పైకి పోయే తావున గొంతు తెగిపోయి దగ్గొచ్చింది. హార్మోనియం ఆయప్ప గబగబా వాయించి కప్పిపెట్టినాడు. పద్యం అయిపోయింది. ఒక్కరూ అనలా ఆ మాట. ఎనక ఎవురో కిసుక్కుమనిరి. ఆయప్ప తలకాయ దించుకుని పక్కకు తిరిగినాడు.

నాకేం తోచలా. వన్స్ మోర్ అంటే ఆ ఊపిరితో మళ్లా పాడల్ల, పాపం. అనకపోతే ఆ తలకాయ అట్లే దిగిపోతాది. ఇంక మోకాండ్లు పట్టుకుని లేసినా. వన్స్ మోర్ అన్న్యా. పక్కనాయప్ప, ముసిలాయన్ను సంపుతావా ఏందమ్మా, కుచ్చో అనె. మళ్లా అన్న్యా, ఇంకా గట్టిగ.

సుబ్బరాయుడప్ప లైట్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని సూసినాడు. మైకులోనే అడిగినాడు.

"ఎవురమ్మా అది? ఎక్కిరిస్తాండావా, నిజంగనే అడుగుతాండావా?"

"నిజంగనేప్పా. మా అత్త మిద్దె మింద నా నోరు మూసింది, ఇప్పుడు తీస్తాండా."

జనం గొల్లుమనిరి. ఆయప్ప గూడా నవ్వినాడు. కిరీటం తీసి పక్కన పెట్టి, శ్రుతి దించప్పా, రాగమొద్దు అని హార్మోనియం ఆయప్పకు చెప్పినాడు. కింద గొంతులో ఒక్కొక్క మాటే, నాకు ఎదురుగ కుచ్చోని చెప్పినట్ల పాడె.

అబ్బీ, అప్పుడు తెలిసింది నాకు. ఆ రాజు ఏడ్సడంలా. నడువు, ఎనక్కి సూడాకు, పొద్దు గూకక ముందే ఊరు దాటల్ల, బిడ్డను నేనెత్తుకుంటా అని పెండ్లానికి చెప్తాండాడు. అది నడిసేదానికి పాడే పద్యం. ఇన్నేండ్లూ నేను దాన్ని పట్టుకుని ఏడిస్తి సూడు. అయినా నడిసినాన్లే. మాటలు తెలీకపోయినా నడిసినా.

అయినంక జనం అంతా అరిసిరి, వన్స్ మోర్ అని. చాల్లే, ఊపిరి తీసుకోనీండి అని నేనే కసురుకుంటి. దిగొచ్చి ఆయప్ప ఏమన్న్యాడో తెల్సా? పులివెందుల్లో గూడా ఆడతాండాం, వస్తావా తల్లీ, నువ్వుంటే రాగం తీస్తా, ఎంతొస్తే అంత అనె.

ఈ పొద్దే ఆ పులివెందుల నాటకం. మీ నాయనకు చెప్పినా, అడగలా. నీ నోటికి ఎవురి చెయ్యీ అడ్డం రాకుండ బతుకు నాయనా, దేవుడు నిన్ను సల్లగ సూడల్ల. ఇంక ఆ ఫోను ఆపి నా చెప్పులు ఇట్ల జరుపు. బస్సు వచ్చే యాళయింది.