కొట్టు తగలబెట్టిందెవరు?

ఆదివారం పొద్దున. వంటింట్లో సింకు ముందు భర్త గిన్నెలు తోముతున్నాడు. వారంలో ఈ ఒక్క రోజు ఆ పని ఆయనది. చిన్న బల్ల దగ్గర భార్య బీన్స్ తుంచుతోంది. పక్క గదిలో మంచం మీద ఆయన తల్లి ఉంది, మధ్య తలుపు తీసే ఉంది. పెద్దావిడకి చూపు ఆనదంటారు. చెవులకి మాత్రం ఏ లోటూ లేదు.

“డాక్టరు దగ్గరికి దేనికి?”

“ఊరికే.”

“ఊరికే ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్తారా? అదీ మీరు. పొద్దస్తమానం మందుల షాపులో నిలబడేది చాలట్లేదా?”

“ఓసారి చూపించుకుంటే పోలా అని.”

“ఏం చూపించుకుంటారు?”

“తల.”

“నొప్పా?”

“నొప్పి కాదు.”

“జుట్టా?”

“జుట్టుకి డాక్టరెందుకు? ఉన్న నాలుగూ వాటి మానాన అవే పోతాయి. తల అంటే, లోపల.”

“లోపల ఏమైంది?”

“ఆ మూకుడు ఇటియ్యి.”

“మూకుడు మీ చేతిలోనే ఉంది.”

“చూశావా. అదే చెప్తున్నాను.”

“ఏం చెప్తున్నారు?”

“మతిమరుపు.”

“మూకుడు మర్చిపోతే మతిమరుపా? నేను వారానికోసారి స్టవ్ మీద పాలు మర్చిపోతాను. నన్నే డాక్టరుకి చూపించారు?”

“మూకుడు సంగతి కాదు. రేపు ఓనరుకి కూడా చెప్పేస్తాను. ఇక కౌంటర్లో నిలబడను, వెనక గోడౌన్లో పెట్టెలు సర్దుకుంటానని.”

“కౌంటరు వదిలేస్తారా? కొట్టు తెరిచిన రోజు నుంచీ ఉన్న కౌంటరు?”

“మందులోయ్ అవి. ఒకదాని బదులు ఇంకోటి ఇచ్చానంటే అవతలి మనిషి ఏమైపోతాడు?”

“ఇచ్చారా అలా?”

“ఇంకా లేదు. చీటీ ఒకటికి మూడుసార్లు చదువుతున్నాను. నిన్న ఒకాయన, ఏమండీ, అందులో ఏమైనా కథ రాసి ఉందా అన్నాడు.”

“ఒరే, టైమెంతయిందిరా? గోడ మీద గడియారం ఆనట్లేదు.”

“పదకొండు కావస్తోందమ్మా.”

“బీన్స్ నేను తుంచిపెడదామనుకున్నానే కోడలా. ఈ కళ్ళు పాడుగానూ.”

“ఫరవాలేదు అత్తయ్యా, అయిపోవచ్చాయి. మీరు పడుకోండి. ... ఏవండీ, చీటీ మూడుసార్లు చదివితే దాన్ని జాగ్రత్త అంటారు. మతిమరుపు అనరు.”

“అసలు సంగతి వేరే ఉంది.”

“ఏంటది?”

“నువ్వు కోప్పడకూడదు.”

“కోప్పడే సంగతా?”

“పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తున్నాను కదా.”

“వెళ్తున్నారు. రెండు నెలలుగా. నలుగురికీ చెప్పుకుంటున్నాను కూడా, మా ఆయన ఏదైనా పట్టుబడితే అంతే, చలికి కూడా మానలేదని.”

“వెళ్ళట్లేదు.”

“ఎక్కడికి?”

“వాకింగ్‌కి.”

“మరి తెల్లారకుండానే బూట్లేసుకుని ఎక్కడికి వెళ్తున్నారు?”

“మేడ మీదికి. నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుంటున్నాను.”

“కూర్చోడానికి బూట్లెందుకు?”

“చప్పుడు నీకు వినపడాలి కదా.”

“నేను కింది పోర్షన్ ఆవిడకి చెప్పాను, మిమ్మల్ని చూసి నేర్చుకోమని. ఆవిడ వాళ్ళాయన్ని లేపి మరీ పంపిస్తోంది.”

“ఆయనా మేడ మీదే ఉంటున్నాడు.”

“ఆయనేం చేస్తాడు?”

“చాప వేసుకుని పడుకుంటాడు.”

“మీరు?”

“చదువుకుంటాను.”

“ఏం చదువుకుంటారు?”

“ఆ పుస్తకమే. ఫ్రిజ్ మీదిది.”

“అందుకా, పొట్ట తగ్గనిది.”

“పొట్ట సంగతి తరవాత చూద్దాం.”

“తగ్గట్లేదని అన్నంలో కోత కూడా పెట్టాను.”

“తెలుసు. ఆకలేస్తూనే ఉంది.”

“అయినా ఆ పుస్తకం చదవనన్నారు కదా. ఇక ముట్టుకోనని ఫ్రిజ్ మీద పడేశారు.”

“మరేం చెయ్యను? ఫుట్‌పాత్ మీద ఏరి ఏరి కొనుక్కొచ్చాను. భోజనాల దగ్గర ఏమన్నాను? రోజుకి పది పేజీలు ఇంట్లో అందరం చదువుదాం అన్నాను. దానికి నువ్వేమన్నావు?”

“ఏమన్నాను?”

“ఈ ఇంట్లో పుస్తకం పట్టుకునే తీరిక ఎవరికుంది, ఉంటే మీకుండాలి, మీరు చదువుకోండి, నేను అంట్లు తోముకుంటాను అన్నావు. ఆ దెబ్బకే కదా ఆదివారం అంట్లు నా నెత్తిన పడ్డాయి.”

“అందులో తప్పేముంది?”

“తప్పని కాదు. ఆ మాట విన్నాక నీ ఎదురుగా కాలు మీద కాలేసుకుని చదవడానికి మొహం చెల్లలేదు. అందుకే వాకింగ్ అన్నాను.”

“సరే, చదివారు. చదివితే మతి పోతుందా?”

“చదివింది గుర్తుండట్లేదు.”

“అంటే?”

“అందులో ఒక గడియారాల కొట్టు. అన్నదమ్ములిద్దరు నడుపుతుంటారు. వాళ్ళ దగ్గర పనిచేసే అమ్మాయి ఒకతి ఉంది.”

“ఊఁ.”

“ఒకరోజు నేను ఆపేసరికి ఆ అమ్మాయి పెట్టె పట్టుకుని స్టేషన్లో కూర్చుంది. రైలెక్కనా వద్దా అని ఏడుస్తోంది. గుర్తుకి షీటు పెట్టి మూసేశాను.”

“ఏం షీటు?”

“ఖాళీ మాత్రల షీటు. మా షాపులో దొరికే గుర్తు అదే. మర్నాడు ఆ షీటు దగ్గరే తెరిచాను. ఏముంది?”

“ఏముంది?”

“కవలలు.”

“ఓహో.”

“ఆ అమ్మాయికి ఇద్దరు పిల్లలు. ఒకడు పాకుతున్నాడు కూడా. రైలెక్కిందో లేదో తెలియదు. పెళ్ళెప్పుడయిందో తెలియదు. ఎవణ్ణి చేసుకుందో అసలే తెలియదు.”

“ఎవరికిరా కవలలు?”

“ఎవరికీ కాదమ్మా.”

“ఎవరికీ కాకుండా ఎలా పుడతార్రా?”

“నువ్వు పడుకో అమ్మా.”

“మధ్యలో పేజీలు ఊడిపోయాయేమో. ఫుట్‌పాత్ మీది పుస్తకం కదండీ.”

“చూశాను. అంకెలన్నీ వరసగానే ఉన్నాయి.”

“వెనక్కి తిరగేసి చదువుకోవాల్సింది.”

“భయమేసింది.”

“పుస్తకానికా?”

“తిరగేసి చదివాక కూడా ఒక్క ముక్క గుర్తు రాకపోతే?”

“బీన్స్ ఈసారి ముదురుగా ఉన్నాయి.”

“నేనేం చెప్తున్నాను, నువ్వేం అంటున్నావు?”

“వింటున్నాను. చెప్పండి.”

“ఒక్కసారైతే పోనీలే అనుకుందును. ఇంకోరోజు అన్నదమ్ములిద్దరూ చదరంగం ఆడుకుంటుంటే మూసేశాను. నవ్వుకుంటున్నారు పాపం. మర్నాడు తెరిస్తే కొట్టుకి అడ్డంగా గోడ.”

“ఆ గోడ...”

“గోడకేమైంది?”

“ఏం లేదు. ఇటుకలదా, చెక్కదా అని.”

“ఇటుకలదే. ఏదైతే ఏముంది? నాన్నకీ ఇలాగే మొదలైంది. మొదట్లో పేపరు చదివి పక్కన పెట్టి, పేపరు రాలేదేమని అడిగేవాడు. తరవాత మన సందు మర్చిపోయాడు. చివర్లో అమ్మ వైపు చూసి, ఎవరండీ మీరు, కాస్త మంచినీళ్ళిస్తారా అన్నాడు.”

“మెల్లగా. అత్తయ్య వింటారు.”

“రేపు నిన్ను నేనూ అలాగే అడిగితే?”

“అడిగితే ఇస్తాను మంచినీళ్ళు. అత్తయ్య ఇవ్వలేదా?”

“నవ్వులాట కాదు.”

“నేను నవ్వట్లేదు.”

“మరి అలా చూస్తావేం?”

“ఓనరుకి చెప్పకండి.”

“చెప్పక తప్పదు.”

“చెప్పకండి అంటున్నాను. డాక్టరూ వద్దు. మీ తలకేం కాలేదు.”

“నీకెలా తెలుసు?”

“ముందు నాకో మాట ఇవ్వండి. ఏదేమైనా ఆదివారం అంట్లు మీవే.”

“నా తలకీ అంట్లకీ ఏంటి సంబంధం?”

“మాట ఇవ్వండి.”

“సరే, నావే. చెప్పు.”

“ఆ అమ్మాయి రైలెక్కలేదు.”

“ఏ అమ్మాయి?”

“వెనక్కొచ్చేసింది. చిన్నవాణ్ణి చేసుకుంది. పెద్దవాడు పెళ్ళికి రాకుండా ఓ గోడ గడియారం పంపించి ఊరుకున్నాడు. అది మర్నాటికి ఆగిపోయింది. గడియారాలు బాగుచేసేవాడు ఆగిపోయే గడియారం పంపడమేంటని అక్కణ్ణుంచి తగువు. ఆ గోడ ఆ తగువుదే.”

“నువ్వు చదివావా?”

“దుమ్ము దులుపుతుంటే చేతికి తగిలింది.”

“దుమ్ము దులపడానికి పుస్తకం తెరవాలా?”

“లోపల కూడా ఉంటుంది కదండీ దుమ్ము.”

“ఎప్పుడు చదువుతున్నావు?”

“మధ్యాహ్నం. కుట్టుమిషన్ మోటారు వేడెక్కుతుంది. అది చల్లారేదాకా కాసేపు.”

“కొత్త మోటారు వేయిస్తానంటే వద్దన్నావు. పాతదే మన్నిక అన్నావు.”

“మన్నికే. ఇప్పటికీ బాగా వేడెక్కుతోంది.”

“మరి గుర్తు?”

“మీ షీటే జరుపుతున్నాను. మీరు మానేశారు కదా అనుకున్నాను. ఒక్కోరోజు అది నేను పెట్టినచోట కాకుండా ముందెక్కడో ఉండేది. కుట్టి కుట్టి కళ్ళు లాగుతాయి, కునుకులో నేనే తిప్పేసి ఉంటాననుకునేదాన్ని.”

“అంటే నువ్వు చదివింది సగం పుస్తకం.”

“మిగతా సగం మీరు.”

“ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం.”

“తిలా పాపం తలా పిడికెడు.”

“నా పిడికెడు నేను ముందే ఒప్పుకున్నాను. తీరిక లేదని దెబ్బలాడింది నువ్వు.”

“లేదు కాబట్టే దెబ్బలాడాను. తరవాత చేసుకున్నాను. అది వేరు.”

“నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయేది?”

“అంట్లు వెనక్కొచ్చేవి.”

“అమ్మయ్య. గుండెల మీంచి బండ దించినట్టుంది. వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు తెలుసా.”

“ఇకనించి చీటీలు ఒక్కసారే చదవండి.”

“రెండుసార్లు చదువుతాను. మంచిదే కదా.”

“అలాగే కానివ్వండి.”

“ఇక దాచుకోవడం దేనికి? ఆదివారం గిన్నెలయ్యాక ఇద్దరం కూర్చుని చదువుకుందాం. నువ్వు పైకి చదువు. అమ్మ కూడా వింటుంది, పాపం, చూపు లేదు కదా.”

“నాకెందుకురా పుస్తకాలు? ఈ వయసులో.”

“కాలక్షేపం అమ్మా. బాగుంటుంది. కాకపోతే ఆ పెద్దవాణ్ణి తలుచుకుంటేనే ప్రాణం ఉసూరుమంటోంది. బూడిద ముందు అలా కూర్చుని.”

“ఏ బూడిదండీ?”

“కొట్టు బూడిద.”

“ఏ కొట్టు?”

“వాళ్ళదే. గడియారాలది.”

“కొట్టు కాలిపోయిందా?”

“నువ్వు చదవలేదా?”

“ఎప్పుడు కాలింది? నిన్న మధ్యాహ్నం నేను ఆపేసరికి అన్నదమ్ములు కలిసిపోయారు. గోడ కొట్టేసి రంగులేసుకుంటున్నారు.”

“ఇవాళ పొద్దున నేను తెరిచేసరికి బూడిద.”

“మధ్యలో ఏమైంది?”

“అది నువ్వే చెప్పాలి.”

“నేను చదవలేదు.”

“నేనూ చదవలేదు. చదవలేదో, చదివి మర్చిపోయానో.”

“సరిగ్గా గుర్తు తెచ్చుకోండి.”

“గుర్తు లేదనే కదా ఈ గొడవంతా. నిన్న మధ్యాహ్నం నువ్వు చదివావు. సాయంత్రం ఇద్దరం సరుకులకి వెళ్ళాం. వచ్చి, తిని, పడుకున్నాం. పొద్దున మేడ మీద నేను. అంటే అక్కడే చదివాను. చదివింది చదివినట్టే పోయింది.”

“నేనే కునుకులో తిప్పేశానేమో.”

“కునుకులో షీటు కూడా తీసి జరిపావా?”

“నాకు నిద్రలో నడిచే అలవాటుంది.”

“ఎప్పట్నుంచి?”

“చిన్నప్పట్నుంచి.”

“పెళ్ళై ఇన్నేళ్ళయింది. ఒక్క రోజు నడవలేదు.”

“మీకు గుర్తులేదేమో.”

“అదీ మర్చిపోయానంటావా?”

“అయ్యో, నేనన్నది అది కాదు.”

“పోనీ నువ్వే చదివావనుకుందాం. కొట్టు తగలబెట్టిందెవరు?”

“చిన్నవాడు.”

“ఎందుకు?”

“కోపంతో.”

“కలిసిపోయారన్నావు ఇప్పుడే.”

“మళ్ళీ వచ్చింది కోపం.”

“చాలు. నా కోసం అబద్ధాలాడకు, నీకు చేతకాదు. రెండు నెలలు ఎలా ఆడావో గానీ.”

“రేపు వెళ్ళకండి.”

“వెళ్తాను. ముందు డాక్టరు, తరవాత ఓనరు. ఈ ఇంట్లో చదివేది మనిద్దరం. నువ్వు కాదు. ఇక నేనే కదా. నా తలే.”

“నేనూ వస్తాను.”

“షాపుకా?”

“డాక్టరు దగ్గరికి.”

“మరి మిషన్?”

“చల్లారనివ్వండి.”

“ఒరే నాయనా.”

“ఏంటమ్మా? మంచినీళ్ళా?”

“కాదు.”

“టైము పదకొండున్నర.”

“టైమూ కాదురా. నువ్వు ఆ కౌంటరూ అదీ ఏం వదలక్కర్లేదు.”

“నీకు తెలియదమ్మా. నువ్వు పడుకో.”

“కొట్టు తగలబెట్టింది చిన్నవాడు కాదురా. వాళ్ళమ్మ. నిన్న మీరిద్దరూ సరుకులకి వెళ్ళినప్పుడు చదివాను.”