పళ్ళెంలో వెనక్కి వేసిన కార్డు

వెనక్కి వేసేసిందండీ! నా కళ్ళముందే చదివి, మడిచి, మళ్ళీ పళ్ళెంలో పడేసింది. ఇంకోటి తీసుకుంది. అడిగేవాళ్ళెవరు?

ఉండండి, ముందు ఈ ఎండుటాకులు తియ్యనివ్వండి. సరిగ్గా మీ పేరు మీదే పడి చస్తాయి. ఈ సమాధుల తోట కాపలా అతనికి క్రిస్మస్‌కి పంచె పెట్టినా ఇంతే. ఆరాధన అవగానే మారేడ్‌పల్లి నుంచి తిన్నగా ఇటే వచ్చాను, ఇంటికి కూడా పోలేదు. మీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను?

డోరా అండీ. మన రోసమ్మ కూతురు. సండే స్కూల్లో నా దగ్గర పాటలు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు దానికే ఇద్దరు పిల్లలు. రొమ్ములో గడ్డ. పదకొండో తారీఖున ఆపరేషన్ అన్నాడు డాక్టరు, ఆలస్యం చేస్తే చెయ్యి దాటిపోతుందన్నాడు. ఇదేమో, కొత్త సంవత్సరం వాగ్దానం తీసుకున్నాకే చెప్తానని కూర్చుంది!

వాగ్దానం! ఎవరు రాస్తారండీ ఆ వాగ్దానాలు? నేను కాదూ? ఇరవై రెండేళ్ళుగా, డిసెంబరు వచ్చిందంటే రంగు అట్టలు కత్తిరించుకుని, బైబిలు ముందేసుకుని, ఒక్కో కార్డు మీద ఒక్కో మాట. కాంతమణి టీచరు రాత ముత్యాలే అని పాస్టరు అయ్యగారు అంటే పొంగిపోయేదాన్ని. జనవరి ఒకటిన కార్డులన్నీ కానుకల పళ్ళెంలో పోసి, పైన లేసు గుడ్డ కప్పి పెడతాం. ఒక్కొక్కరే వచ్చి కళ్ళు మూసుకుని తీసుకుంటారు. ఆ ఏడు దేవుడు తమతో అన్న మాట అదేనని పర్సులో పెట్టుకుని తిరుగుతారు.

ఏ మాటలు రాసేదాన్నో తెలుసా మీకు? తియ్యనివే. భయపడకు, తోడుంటాను, ఒడి నిండుతుంది... చేదు మాట ఉన్నది ఒక్కటంటే ఒక్కటి రాయలేదు. పండగపూట ఎవరికి కావాలి చెప్పండి? మిఠాయి కొట్లో వేపాకు ఎవరడుగుతారు?

మీ కార్డు సంగతికే వస్తున్నా. నాలుగేళ్ళ నుంచి వస్తూనే ఉన్నాను ఆ సంగతికి. ఇక్కడ కూర్చుంటా, పువ్వులు పెడతా, కరెంటు కోతల గురించి చెప్పి పోతా.

ఆ ఏడు మీ పేగులో గడ్డ. ఆపరేషనుకి తారీఖు ఇచ్చారు. మీకేమో నిద్ర లేదు, తిండి లేదు, కత్తి అన్న మాట వింటేనే చెమటలు. గూడ్సు బండి వెనక డబ్బాలో ఒక్కరే అడవులు దాటి వచ్చిన గార్డు మీరు! చూడలేకపోయానండీ. నీకు చావు రాదు, బతుకుతావన్న మాట ఆకుపచ్చ కార్డు మీద రాసి, పళ్ళెంలో ఎడమ అంచున పెట్టాను. మీరెప్పుడూ అక్కడే తీస్తారుగా! ధైర్యంగా ఆపరేషనుకి వెళతారనే పెట్టాను. వెళతారనే!

మీరేం చేశారు? కార్డు జేబులో పెట్టుకుని ఆస్పత్రికెళ్ళి, నా దేవుడు మాటిచ్చాడు, కొయ్యక్కర్లేదని చెప్పి వచ్చేశారు. ఇంటికొచ్చి మారు అన్నం వడ్డించుకుని తిన్నారు.

అప్పుడే చెప్పాల్సింది నేను. చెప్పలేదేం? మీ మొహంలో వెలుగు చూశాక, ఇంకాస్త పప్పు వేశా. పోనుపోను నాకూ నమ్మకం కుదిరింది, నా చేత దేవుడే పెట్టించాడేమోనని! ఎంత హాయిగా ఉండేదండీ ఆ మూడు నెలలూ. ఈస్టరు ముందు మట్టల ఆదివారం నాడు, పిల్లలు కొమ్మలు పట్టుకుని పాడుతూ వీధిలోంచి పోతుంటే, మీరు పోయారు.

తర్వాత మోకాళ్ళ మీద పడ్డాను, నిజమేంటో చూపించు ప్రభువా అని. ఆయన చూపించాడో, నేనే చూశానో! ఏటేటా మనం తీసుకుని బిస్కెట్ల డబ్బాలో దాచిన పాత కార్డులన్నీ మంచం మీద పరిస్తే, అంతా నా చేతిరాతే. మన పాప జ్వరంతో పోయిన ఏడు నన్ను నిలబెట్టిన కార్డు, బిడ్డని మళ్ళీ చూస్తావన్నది, అదీ నా చేతిరాతే. అదీ పోతే నాకింకేం మిగిలిందండీ? నిజం కావాలన్నవాళ్ళు ముందు ఇల్లంతా ఖాళీ చేసుకోవాలని ప్రసంగాల్లో ఒక్కరూ చెప్పరేం? అయినా రాయడం మానలేదు. అడిగితే కాదనలేక రాస్తూనే ఉన్నా.

మొన్న డోరాని కూర్చోబెట్టి అంతా చెప్పేశా. ఆకుపచ్చ కార్డు, ఎడమ అంచు, అన్నీ. సిగ్గు విడిచి. అది నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? "మీరు జెర ఎక్కువ పరేషాన్ అవుతున్నరు ఆంటీ. మీతోని ప్రభువే పెట్టిచ్చిండు" అంది! నేను మూడు నెలలు నాకు చెప్పుకున్న మాటే కదండీ అది!

అయ్యగారికీ చెప్పాను. "ఇది మన మధ్యే ఉండనివ్వండి టీచరుగారూ, కార్డులు మాత్రం ఆపకండి" అన్నారు.

ఆపలేదు. కానీ ఎన్నడూ రాయనిది ఒకటి రాశా. జబ్బుపడ్డవాళ్ళకి వైద్యుడు కావాలన్న మాట. ఏసయ్య అన్నదేగా! గులాబి కార్డు. డోరా చిన్నప్పటి నుంచీ నడిమధ్యలోదే తీస్తుంది, నడిమధ్యే పెట్టా. అవును, మళ్ళీ అదే పని చేశాను. అబద్ధం వదులుకోమని దానికి చెప్పి, అదే అబద్ధంతో దాన్ని లాక్కురాబోయా.

తీసింది. చదివింది. మొహం పాలిపోయింది. నా వైపు ఒక చూపు చూసి, వెనక్కి వేసి, ఇంకోటి తీసింది. భయపడకు, నేనున్నాను. నా చేతిరాతే! కళ్ళకద్దుకుని ఏడ్చింది. బయటికి రాగానే ఎస్టీడీ బూత్‌లో దూరి, పదకొండో తారీఖుకి రానని ఆస్పత్రికి ఫోన్ చేసింది. రోసమ్మ వచ్చి నన్ను కావలించుకుంది, మీ చేతి చలవే టీచరుగారూ అని.

తిట్టాలని ఉంది దాన్ని. ఏ మొహం పెట్టుకుని తిట్టను? నేనేం చేస్తున్నా ఇక్కడ? క్షమించమని అడగడానికొచ్చా. క్షమించాలంటే మీరు వినాలి. మీరు వింటారన్నదీ ఆ డబ్బాలో కార్డే కదండీ. మీరు లేరు. ఇక్కడ లేరు, ఎక్కడా లేరేమో. తెలుసు నాకు, నాలుగేళ్ళుగా తెలుసు.

పొద్దు వాలుతోంది, పండగపూట బస్సులు దొరకవు. చామంతులు కుడిపక్కన పెట్టా, చూసుకోండి. వచ్చే ఆదివారం కాస్త పెందరాళే వస్తాలెండి.