డైరెక్టరుగారి జీతానికి సున్నాలు చుట్టినవాడు

ఆర్థికాభివృద్ధి శాఖ గేటుకి ఎదురుగా టీకొట్టు. బల్ల మీద ఆ శాఖలోనే డైరెక్టరు కారు తోలి రిటైరైన డ్రైవరు. అతని పక్కన కాంట్రాక్టు టైపిస్టు, చేతిలో టీ చల్లారిపోతున్నా రెండో అంతస్తు కిటికీ వైపే చూస్తోంది. ఆమెనూ తోటి టైపిస్టులనూ ఉంచాలా తీసెయ్యాలా అని పైన కమిటీ గదిలో ఇప్పుడే తేలుస్తున్నారు.

"బెంగెందుకమ్మాయ్? ఆ గది సంగతి నాకు తెలీదా? మీ డైరెక్టరుగారి జీతం ఖాయం చేసిందెవరనుకున్నావ్? నేనే," అన్నాడు డ్రైవరు.

"మొదలుపెట్టాడు," అన్నాడు టీకొట్టాయన.

"నువ్వు పాలు పొంగకుండా చూసుకోవయ్యా. ఓ రోజు సారు వెనకసీట్లో కూర్చుని ఒకటే నిట్టూర్పులు. పక్క రాష్ట్రంలో ఇదే పనికి ఎక్కువిస్తున్నారట, నాకు మనసు పని మీద నిలవట్లేదోయ్ అన్నాడు. దానికేముంది సార్, వాళ్ళకంటే ఓ మెట్టు పైన వేయించుకోండి అన్నా. అంతే! కమిటీ నన్ను పైకి పిలిపించింది. ఛైర్మన్ లేచి తన కుర్చీ నాకిచ్చి, తను కిటికీ గట్టు మీద సర్దుకున్నాడు."

"పాపం, పడిపోలేదు కదా?" అన్నాడు టీకొట్టాయన.

"పడితే నేను పట్టుకోనూ? సరే, మేం పెంచాం. సాయంత్రానికల్లా పక్క రాష్ట్రంవాళ్ళకి తెలిసి వాళ్ళూ పెంచారు. ఊరుకుంటామా? మళ్ళీ పెంచాం. వాళ్ళూ పెంచారు. ఫోన్లు ఎంతగా మోగాయంటే, తీగల మీద కాకులు కాళ్ళు కాలి ఒంటికాలి మీద నిలబడ్డాయి. ఇంత ఎందుకని ఒకడు నసిగాడు. సమర్థులు పారిపోతారు, తెలుసా అని కసిరా. తర్వాత జరిగింది వింటే నోరు తెరుస్తారు. సున్నాలు రాయడానికి బోర్డు చాల్లేదు. గోడ మీద రాశాం. గోడ పగలగొట్టి అవతలి గది గోడ మీద రాశాం. ఆఖరికి పెయింటర్ని డాబా మీది నీళ్ళ ట్యాంకు ఎక్కించాం."

"అంత డబ్బు ఎక్కణ్ణించొచ్చిందన్నా?"

"అదేగా కిటుకు! ఆయన జీతాన్ని కలిపి రాష్ట్రం సగటు ఆదాయం తీశాం. అప్పుడే పుట్టిన పసిగుడ్డు కూడా లెక్కలో కోటీశ్వరుడే! పేదరికం ఆ పూటే పోయింది. ఆ సంగతి పేదవాళ్ళకి తెలీదు కదా, ఇంటింటికీ మనిషిని పంపి చెప్పించాం. అభివృద్ధి అంతా అయిపోయాక అభివృద్ధి అధికారికి పనేం మిగిలింది చెప్పు? పని లేక దిగులుపడతాడని దిగులు భత్యం కూడా వేశాం. వద్దు మొర్రో అని ఆయన ఏడ్చాడు. నేనే బలవంతం చేశా."

టీకొట్టాయన పకపకా నవ్వాడు. టైపిస్టు గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది.

"అయితే పద బాబాయ్, పైకెళ్దాం. గది అదే, మనుషులూ వాళ్ళే. మా గురించి ఒక్కమాట చెప్పు, చాలు."

"ఇప్పుడా? గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ అమ్మా, నన్నెరగడు."

"నాకు తెలిసినవాడే. నేను చెప్తాను."

"లోపల మీటింగు నడుస్తోంటే..."

"నువ్వు వెళ్తే ఛైర్మన్ కుర్చీ ఇస్తాడన్నావుగా?"

డ్రైవరు గేటు వైపు చూశాడు. పోర్టికోలో డైరెక్టరు కారు ఉంది. లోపల ఎవరో కొత్త డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోతున్నాడు.

"నేను ఆ గది ఎప్పుడూ చూడలేదమ్మా," అన్నాడు. "మీటింగు ఎంతసేపైనా అదిగో, అక్కడే, కారులోనే ఉండేవాణ్ణి."

"తెలుసు బాబాయ్. నేనూ చూడలేదు. వాళ్ళ జీతాలు పెట్టుకునేటప్పుడు పక్క రాష్ట్రం వైపు చూస్తారే, మా జీతాలు పెట్టేటప్పుడు ఎటు చూస్తారో అడగాలి. లోపలికి రానివ్వకపోతే తలుపు బయట నిలబడదాం. బయటికొచ్చేటప్పుడు వాళ్ళు మన మొహాలైనా చూడాలిగా."

డ్రైవరు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.